డైరెక్ట్ ఎంట్రీ నర్సింగ్ మాస్టర్స్: అప్లికేషన్ ఎక్కడ ఆగుతుంది, ఎందుకు ఆగుతుంది (సమస్య - పరిష్కారం)

బీటెక్, బీఫార్మసీ, ఎంసీఏ లాంటివి చదివి, అమెరికాలో ఉంటూ నర్సింగ్‌లోకి మారాలనుకునేవాళ్లకి ఉన్న దారుల్లో ఒకటి డైరెక్ట్ ఎంట్రీ ఎంఎస్‌ఎన్ (నర్సింగ్‌లో మాస్టర్స్). నర్సింగ్ డిగ్రీ అక్కర్లేదు, వేరే ఏ బ్యాచిలర్స్ ఉన్నా తీసుకుంటారు. పూర్తయ్యాక ఎన్‌క్లెక్స్ (నర్సు లైసెన్స్ పరీక్ష) రాసి ఆర్‌ఎన్ (రిజిస్టర్డ్ నర్స్) అవుతారు. కొలంబియాలో ఇది 15 నెలలు, జాన్స్ హాప్కిన్స్‌లో 5 సెమిస్టర్లు. ఇండియాలో ఎమ్మెస్సీ నర్సింగ్‌కి ముందు నర్సింగ్ డిగ్రీ ఉండి తీరాలి కాబట్టి, ఇంటి దగ్గర ఎవరినైనా అడిగితే "అలాంటి కోర్సు ఉండదమ్మా" అనే అంటారు. ఉంది. కాకపోతే గడువు రోజున బయటపడే తప్పు ఎనిమిది నెలల ముందే జరిగిపోయి ఉంటుంది. కింద ఒక్కో లక్షణం పట్టుకుని దాని మూలానికి వెళ్దాం.

ఫారం మొదట్లోనే ఆర్‌ఎన్ లైసెన్స్ నంబరు అడుగుతోంది

మీరు తెరిచింది వేరే ప్రోగ్రామ్. ఎంఎస్‌ఎన్ అనే పేరుతోనే ఇప్పటికే నర్సులైనవాళ్ల కోర్సులూ ఉంటాయి. "డైరెక్ట్ ఎంట్రీ", "ఎంట్రీ లెవెల్ మాస్టర్స్", "గ్రాడ్యుయేట్ ఎంట్రీ" - ఈ మాటల్లో ఏదో ఒకటి ఉన్నదే మీది. సీసీఎన్‌ఈ లేదా ఏసీఈఎన్ (నర్సింగ్ కోర్సులకి గుర్తింపునిచ్చే సంస్థలు) అక్రెడిటేషన్ ఉందో లేదో అప్పుడే చూసుకోండి. ఇది చదివితే నేరుగా నర్స్ ప్రాక్టీషనర్ (రోగిని పరీక్షించి మందులు రాసే పై స్థాయి నర్స్) అయిపోతామనుకునేవాళ్లు చాలామంది. చాలా ప్రోగ్రాముల్లో అవరు, దానికి పైన ఇంకో చదువు కావాలి. ఇండియాలో బీఎస్సీ నర్సింగ్ చేసినవాళ్లకి ఈ దారే అవసరం లేదు. వాళ్లు సర్టిఫికెట్ల మదింపు చేయించుకుని నేరుగా ఎన్‌క్లెక్స్‌కి వెళ్లొచ్చు.

డబ్ల్యూఈఎస్‌లో ఫీజు కట్టి నెలలైంది, ఇంకా డాక్యుమెంట్ల కోసం ఎదురుచూస్తున్నట్టే చూపిస్తోంది

డబ్ల్యూఈఎస్ అంటే మన డిగ్రీ అమెరికాలో దేనితో సమానమో మదింపు చేసి రిపోర్టు ఇచ్చే సంస్థ. ఆలస్యానికి అసలు కారణం దాదాపు ఎప్పుడూ కవరే. మెమోలు మీరు పంపితే చెల్లవు. అనుబంధ కాలేజీ ప్రిన్సిపాల్ సంతకంతో పంపించినా లాభం లేదు. డిగ్రీ ఇచ్చిన యూనివర్సిటీ పరీక్షల విభాగం నుంచే రావాలి. సీల్ చేసిన కవరు, అతుకు మీద సంతకం, ముద్ర, పైన మీ డబ్ల్యూఈఎస్ రిఫరెన్స్ నంబరు ఉండాలి. ఆ నంబరు రాయకపోతే కవరు చేరినా ఎవరిదో తెలియక పక్కన పడి ఉంటుంది.

జేఎన్‌టీయూ వాళ్లకి ఇంకో చిక్కు. 2008లో అది హైదరాబాద్, కాకినాడ, అనంతపురంగా విడిపోయింది. అటూ ఇటూగా చదివినవాళ్లు "మా కాలేజీ ఇప్పుడు ఎవరి కింద ఉంది" అని వెతుకుతారు. ముందు ఓడీ (ఒరిజినల్ డిగ్రీ) మీద, మెమోల మీద ఏ పేరు అచ్చయిందో చూసి, ఆ పరీక్షల విభాగాన్నే అడగండి.

ఇక సప్లీలు. కన్సాలిడేటెడ్ మెమో ఒక్కటే పెడితే సరిపోదు, సెమిస్టర్ మెమోలన్నీ అడుగుతారు. మూడో సెమిస్టర్‌లో తప్పి తర్వాత పాసైన సబ్జెక్టు ఉంటే, ఆ సప్లిమెంటరీ మెమో కూడా కవర్లో ఉండాలి. లేకపోతే ఆ సబ్జెక్టు ఫెయిల్ కిందే మిగిలిపోతుంది. ఇంట్లో ఎవరినైనా యూనివర్సిటీకి పంపించే ముందు మెమోల జెరాక్సులు వరసగా పెట్టి, ప్రతి సబ్జెక్టుకీ ఒక పాస్ ఎంట్రీ ఉందో లేదో వేలు పెట్టి చూసుకోండి. రిపోర్టు ఎంచుకునేటప్పుడు "కోర్స్ బై కోర్స్" తీసుకోండి. చౌకగా ఉందని "డాక్యుమెంట్ బై డాక్యుమెంట్" తీసుకుంటే స్కూళ్లకి పనికిరాదు, మళ్లీ డబ్బు కట్టాలి.

రిపోర్టు వచ్చింది, కానీ బ్యాచిలర్స్‌తో సమానం అని రాయలేదు

మూడేళ్ల బీఎస్సీ, బీకాం వాళ్లకి వచ్చే దెబ్బ. నాలుగేళ్ల డిగ్రీకి ఈ గొడవ లేదు. న్యాక్ (కాలేజీలకి గ్రేడ్లిచ్చే సంస్థ) ఏ గ్రేడు గానీ అంతకన్నా మంచిది గానీ ఉన్న సంస్థ నుంచి ఫస్ట్ లేదా సెకండ్ డివిజన్‌లో వస్తే మూడేళ్ల డిగ్రీని డబ్ల్యూఈఎస్ బ్యాచిలర్స్‌గా లెక్కిస్తుంది. అది లేకపోతే పైన చేసిన ఎమ్మెస్సీ, ఎంసీఏ, ఎంబీఏ కాగితాలు కూడా కలిపి మదింపు చేయించండి. ఆ ఎంబీఏ నర్సింగ్‌కి ఎందుకులే అని వదిలేయకండి.

కాగితానికో పేరు

టెన్త్ మెమోలో "కె. లక్ష్మీ ప్రసన్న". బీటెక్‌లో ఇంటిపేరు పూర్తిగా. పాస్‌పోర్టులో సర్‌నేమ్ గడి ఖాళీ, అందుకే వీసా మీద మొదటి పేరు చోట "ఎఫ్‌ఎన్‌యూ" (మొదటి పేరు తెలియదు అని). పెళ్లయ్యాక డ్రైవింగ్ లైసెన్స్‌లో భర్త ఇంటిపేరు. మనకి నలుగురూ ఒకరే, కంప్యూటర్‌కి నలుగురు మనుషులు.

పాస్‌పోర్టుని మూలంగా పెట్టుకోండి. సర్‌నేమ్ ఖాళీగా ఉంటే అప్లికేషన్ మొదలుపెట్టకముందే పేరు విడదీయించి కొత్త పాస్‌పోర్టు తీసుకోండి. మిగతా రూపాలన్నీ "ఇతర పేర్లు" గడిలో, మెమోలో ఉన్నది ఉన్నట్టు, చుక్కతో సహా రాయండి. దీన్ని చివరిదాకా లాగితే ఎన్‌క్లెక్స్ రోజున దొరికిపోతారు. రిజిస్ట్రేషన్‌లో ఉన్న పేరూ గుర్తింపు కార్డు పేరూ కలవకపోతే సెంటర్‌లో లోపలికి పంపరు.

"ప్రీరిక్విజిట్లు పూర్తి కాలేదు"

ప్రీరిక్విజిట్లు అంటే ముందే పాసై ఉండాల్సిన సబ్జెక్టులు. ఎక్కువ సమయం తినేది ఇదే. అడిగేవి కాస్త అటూ ఇటూగా: ల్యాబ్‌తో అనాటమీ-ఫిజియాలజీ రెండు భాగాలు (4+4 క్రెడిట్లు), ల్యాబ్‌తో మైక్రోబయాలజీ (4), కెమిస్ట్రీ (4), స్టాటిస్టిక్స్, న్యూట్రిషన్, పుట్టుక నుంచి వృద్ధాప్యం దాకా చెప్పే డెవలప్‌మెంటల్ సైకాలజీ (ఒక్కోటి 3). మొత్తం 25. ఇంటర్ బైపీసీ లెక్కలోకి రాదు, అది అక్కడ స్కూలు చదువే. బీఫార్మసీ మొదటి ఏడాది అనాటమీ లెక్కకి రావచ్చు, కానీ సైన్స్ కోర్సులు 5 నుంచి 7 ఏళ్లలోపువే కావాలని చాలా స్కూళ్లు షరతు పెడతాయి.

కమ్యూనిటీ కాలేజీలో చేసుకోవడం మంచిది. అయితే ఇవి గొలుసుకట్టు. మొదటి భాగం పాసైతేగానీ రెండోది తెరుచుకోదు, కొన్నిచోట్ల దానికీ ముందు బయాలజీ గానీ కెమిస్ట్రీ గానీ అడుగుతారు. ఆగస్టులో మొదటి భాగం, జనవరిలో రెండోది, వేసవిలో మైక్రో. ల్యాబ్ లేనివి పక్కన ఆన్‌లైన్‌లో సర్దుకోవచ్చు. ల్యాబ్ ఉన్నవి ఆన్‌లైన్‌లో చేస్తే కొన్ని స్కూళ్లు ఒప్పుకోవు, ముందు ఈమెయిల్‌లో అడిగి జవాబు దాచుకోండి. వేసవి మైక్రో తేలిక అనుకోవద్దు, నాలుగు నెలల పాఠం ఎనిమిది వారాల్లో కుక్కుతారు. చిన్నపిల్లలున్న ఇల్లయితే మేమైతే మామూలు సెమిస్టర్‌లోనే చేయమంటాం.

రిజిస్ట్రేషన్ దగ్గర రెండు తాళాలు పడతాయి. ఇంగ్లిష్, లెక్కల ప్లేస్‌మెంట్ టెస్టు ఒకటి, డబ్ల్యూఈఎస్ రిపోర్టు చూపించి మినహాయింపు అడగండి. రెండోది ఫీజు. ఇండియా పాస్‌పోర్టు చూడగానే కొన్ని కాలేజీలు అంతర్జాతీయ రేటు వేసేస్తాయి. హెచ్4 (హెచ్1బీ వాళ్ల భార్య లేదా భర్త వీసా) వేరు, ఎఫ్1 (విద్యార్థి వీసా) వేరు. చాలా రాష్ట్రాల్లో హెచ్4 వాళ్లకి స్థానిక ఫీజు దొరుకుతుంది. లీజు, కరెంటు బిల్లు, వీసా కాగితం పట్టుకుని రెసిడెన్సీ ఆఫీసులో మళ్లీ లెక్క వేయించండి.

నర్సింగ్‌క్యాస్‌లో గడువులోపే సబ్మిట్ చేశాం, స్కూలేమో ఆలస్యం అంటోంది

నర్సింగ్‌క్యాస్ అంటే చాలా నర్సింగ్ స్కూళ్లకి ఒకేచోట అప్లై చేసే వెబ్‌సైట్. అక్కడ గడువు అనే మాటకి మూడు అర్థాలున్నాయి: సబ్మిట్ చేయాల్సిన రోజు, కాగితాలన్నీ చేరాల్సిన రోజు, వెరిఫై కావాల్సిన రోజు. కొన్ని స్కూళ్లు మూడోది చూస్తాయి. ట్రాన్స్‌క్రిప్టులన్నీ చేరాకే వెరిఫికేషన్ మొదలవుతుంది, దానికి 10 పనిదినాల దాకా పట్టొచ్చు. కోర్సుల జాబితాలో తప్పుంటే "అన్‌డెలివర్డ్" అని మీకే వెనక్కి వస్తుంది, దిద్ది పంపితే మళ్లీ వరస. మధ్యలో వదిలేసిన ఒక్క కోర్సు ఉన్న కాలేజీ పేరైనా దాచకండి. ఆరు వారాల ముందే పంపేయండి.

సిఫార్సు లేఖలు రావడం లేదు

ఈమెయిల్ స్పామ్‌లో పడి ఉంటుంది, ముందు ఫోన్ చేసి చూడమనండి. పదేళ్ల కిందటి ప్రొఫెసర్‌ "క్రమశిక్షణ గల విద్యార్థిని" అని రాసే నాలుగు లైన్ల కంటే, నిన్నగాక మొన్న మీ అనాటమీ ల్యాబ్ చూసిన కమ్యూనిటీ కాలేజీ టీచర్ లేఖ బరువెక్కువ.

సీటు వచ్చింది, టీబీ టెస్ట్ పాజిటివ్ వచ్చింది

కంగారు వద్దు. చిన్నప్పుడు వేసిన బీసీజీ వల్ల చర్మం మీద చేసే పరీక్ష పాజిటివ్ చూపించవచ్చు. క్వాంటిఫెరాన్ లాంటి రక్త పరీక్ష అడిగి చేయించుకోండి, దాని మీద బీసీజీ ప్రభావం ఉండదు. అదీ పాజిటివ్ అయితే ఛాతీ ఎక్స్‌రే, డాక్టర్. చేరడానికి అడిగే టీకాల్లో హెపటైటిస్ బీ మూడు డోసులు పూర్తవడానికి 6 నెలలు పడుతుంది. వ్యవధి లేకపోతే నెల తేడాతో రెండే డోసుల హెప్లిసావ్ గురించి అడగండి.

చదువు అయిపోవచ్చింది, పని చేయడానికి వీల్లేదంటున్నారు

హెచ్4 మీద చదవొచ్చు, ఈఏడీ (పని అనుమతి కార్డు) లేకుండా జీతానికి పనిచేయకూడదు. భార్య లేదా భర్తకి ఐ-140 (గ్రీన్‌కార్డు కోసం కంపెనీ పెట్టే పిటిషన్) ఆమోదం వచ్చి ఉంటే ఈఏడీ దొరుకుతుంది. లేకపోతే చేరకముందే ఎఫ్1కి మారే సంగతి ఇమిగ్రేషన్ లాయర్‌తో మాట్లాడుకోండి. అప్పుడు వచ్చే ఓపీటీ (చదువయ్యాక పనిచేసే అనుమతి) 12 నెలలే, సైన్స్, ఇంజనీరింగ్ లాంటి కోర్సులకి ఇచ్చే స్టెమ్ పొడిగింపు నర్సింగ్‌కి లేదు. మామూలు ఆర్‌ఎన్ ఉద్యోగానికి హెచ్1బీ రావడం కష్టం. గ్రీన్‌కార్డుకి మాత్రం ఆర్‌ఎన్‌లు షెడ్యూల్ ఏలో (కొరత ఉందని ప్రభుత్వం ముందే గుర్తించిన ఉద్యోగాల జాబితా) ఉన్నారు కాబట్టి పర్మ్ (లేబర్ సర్టిఫికేషన్) దశ తప్పుతుంది. ఫెడరల్ లోన్లు హెచ్4కీ ఎఫ్1కీ రావు. ప్రైవేటు లోనుకి సంతకం పెట్టే సిటిజన్‌నో గ్రీన్‌కార్డున్నవాళ్లనో ఒప్పించుకున్నాకే డిపాజిట్ కట్టండి, అది తిరిగి రాదు.