ముసురు పట్టేలోగా ఫుట్‌బాల్ పిల్లలు చూసుకోవాల్సినవి

మన అనంతపురం పిల్లలకు వాన అంటే ముచ్చటే. ఏడాదంతా ఎర్రమట్టి మీద మోకాళ్లు గీరుకుపోయేలా ఆడేవాళ్లకు జూలైలో నాలుగు చినుకులు పడి నేల మెత్తబడితే పండగలా ఉంటుంది. నాకు మాత్రం అప్పుడే టెన్షన్ మొదలవుతుంది. క్యాంపులు, ట్రయల్స్, లీగ్ మ్యాచ్‌లు దగ్గరపడేది ఆ రోజుల్లోనే, జ్వరాలు ముసిరేదీ ఆ రోజుల్లోనే. కోచింగ్‌లో ఇన్నేళ్లుగా ఉన్నాను. కాలు విరిగి ఆట ఆపినవాళ్ల కంటే జ్వరం దాచిపెట్టి చోటు పోగొట్టుకున్నవాళ్లే నాకు ఎక్కువ గుర్తు.

మూడేళ్ల కింద కళ్యాణదుర్గం వైపు నుంచి ఒక కుర్రాడు వచ్చేవాడు. రైట్ బ్యాక్. పరుగు మొదలుపెడితే పట్టుకోవడం కష్టం. బెంగళూరులో ఒక క్లబ్బు ట్రయల్స్‌కు పిలిచింది. బయల్దేరే ముందురోజు రాత్రి ఒళ్లు కాలిపోతుంటే వాళ్లమ్మ ఊళ్లోని ఆర్‌ఎంపీ దగ్గరికి తీసుకెళ్లింది. ఒక సూది, ఒక సెలైన్ బాటిల్, కాగితం పొట్లంలో రంగురంగుల మాత్రలు. తెల్లారేసరికి జ్వరం దిగింది. రైలెక్కాడు. నాకు ఒక్క మాట చెప్పలేదు. ట్రయల్స్‌లో ఇరవై నిమిషాలు ఆడి గ్రౌండ్ మధ్యలో కూలబడ్డాడు. ఆస్పత్రిలో చూస్తే డెంగీ. పొట్లంలో ఉన్నవాటిలో ఒకటి డైక్లోఫెనాక్, డెంగీలో వేసుకోకూడని నొప్పి మాత్ర. ప్రాణానికి ఏమీ కాలేదు, అదే పదివేలు. తర్వాత మంచం పక్కన కూర్చుని అడిగితే, ‘‘జ్వరమని చెప్తే తీసేస్తారనుకుంటి సార్’’ అన్నాడు.

చెప్పి ఉంటే ఏమయ్యేది? ట్రయల్స్ ఇంకో వారానికి మార్చుకునేవాళ్లం, లేదా వచ్చే విడతకు పేరు పెట్టుకునేవాళ్లం. క్లబ్బులకు జ్వరాలు కొత్త కాదు. వాళ్లను ఇబ్బంది పెట్టేది చివరి నిమిషంలో బయటపడే జ్వరం. అందుకని ఈ సీజన్‌లో మొదటి జాగ్రత్త థర్మామీటరూ కాదు, మాత్రా కాదు. ఒళ్లు వెచ్చబడిన గంటలోపు కోచ్‌కు గానీ టీమ్ డాక్టర్‌కు గానీ ఫోన్ చేయడం.

ఒకడి జ్వరం జట్టు మొత్తానిది ఎట్లా అవుతుందో 2022 జనవరిలో మన దేశంలోనే చూశాం. మహిళల ఆసియా కప్ ఇక్కడే జరుగుతోంది. మనవాళ్లు ఇరాన్‌తో మొదటి మ్యాచ్ 0-0తో డ్రా చేసుకున్నారు. జనవరి 23న నవీ ముంబైలో చైనీస్ తైపీతో ఆడాలి. ఈలోగా క్యాంపులో కోవిడ్ పాకింది. నిబంధన ప్రకారం కనీసం 13 మంది ఉండాలి, అంతమంది మిగల్లేదు. మ్యాచ్ రద్దయింది. అంతటితో ఆగలేదు, టోర్నీ నుంచే తప్పుకున్నట్టు లెక్కేశారు. ఆడిన ఇరాన్ మ్యాచ్ ఫలితం కూడా కొట్టేశారు. సొంత గడ్డ మీద, ఒళ్లు బాగున్న ఆటగాళ్లు కూడా కిట్ సర్దుకుని ఇంటికి వెళ్లిపోవాల్సి వచ్చింది.

మర్నాడే, జనవరి 24న, ఆఫ్రికా కప్‌లో కొమొరోస్ అనే చిన్న ద్వీపదేశం జట్టు పరిస్థితి ఇంకో రకం. ముగ్గురు గోల్‌కీపర్లలో ఒకడికి భుజం దెబ్బ, ఇద్దరికి కోవిడ్. ఆ ఇద్దరిలో అలీ అహమదాకు మ్యాచ్ రోజు టెస్టులో నెగటివ్ వచ్చిందని వాళ్ల ఫెడరేషన్ చెప్పినా, పాజిటివ్ వచ్చినవాళ్లు ఐదు రోజులు విడిగా ఉండాలన్న నియమం అడ్డొచ్చింది. అక్కడి రూల్ ఏమంటే, పదకొండు మంది ఉంటే చాలు, కీపర్ లేకపోయినా ఆడాల్సిందే. లెఫ్ట్ బ్యాక్‌లో ఆడే డిఫెండర్ షకెర్ అల్‌హదూర్‌కు కీపర్ జెర్సీ తొడిగి, వెనక టేపుతో 3 అంకె అతికించి నిలబెట్టారు. ఎత్తు ఐదడుగుల ఎనిమిది అంగుళాలు. ఎదురుగా కామెరూన్. దానికి తోడు ఏడో నిమిషంలోనే కొమొరోస్ కెప్టెన్‌కు రెడ్ కార్డు. ఇంతా జరిగి ఓడింది 2-1 తేడాతోనే. మా పిల్లలకు ఈ మ్యాచ్ గురించి చెప్పినప్పుడల్లా డిఫెండర్లందరూ కీపర్ గ్లౌజుల వైపు అదోలా చూస్తారు.

ఈ లెక్క టోర్నీకొక తీరుగా ఉంటుంది కాబట్టి సంతకం పెట్టేముందు అడిగి తెలుసుకోండి. ఇంగ్లండ్ ప్రీమియర్ లీగ్‌లో అప్పట్లో 14 మంది అందుబాటులో ఉంటే మ్యాచ్ ఆడాల్సిందే. తర్వాత 2022 ఫిబ్రవరి నుంచి, వాయిదా అడగాలంటే జట్టులో కనీసం నలుగురికి కోవిడ్ ఉండాలని కూడా చేర్చారు. యూరప్ టోర్నీల్లో 2021 డిసెంబర్‌లో ఫ్రాన్స్ క్లబ్బు రెన్‌తో మ్యాచ్ ఆడలేకపోయిన ఇంగ్లండ్ క్లబ్బు టాటెన్‌హామ్‌కు 3-0 ఓటమి రాసేశారు. మన జిల్లా మ్యాచ్‌లకు మామూలు ఆట నియమమే, ఏడుగురి కంటే తక్కువైతే ఆట మొదలుకాదు. ఆ కోవిడ్ రూల్స్ ఇప్పుడు చాలావరకు పోయాయి గానీ, ఇంకో జబ్బు వస్తే అవే అచ్చులో మళ్లీ వస్తాయి. ఒకసారి పాజిటివ్ వచ్చినవాళ్లు ఆ రిపోర్టును, తేదీతో సహా, ఫోన్‌లో దాచుకోవాలి. జబ్బు తగ్గినా ఆర్‌టీపీసీఆర్ కొన్ని వారాల దాకా పాజిటివ్ చూపించవచ్చు. పాత జబ్బా కొత్త జబ్బా తేల్చడానికి ఆ తేదీ ఒక్కటే ఆధారం.

ఇంట్లో నీళ్ల డ్రమ్ము

వానలే తక్కువైన ఊళ్లో దోమలేంటని బయటివాళ్లు అడుగుతుంటారు. వానలు తక్కువ కాబట్టే. కొళాయి రోజూ రాదు, వచ్చినప్పుడు డ్రమ్ములు, తొట్లు, బిందెలు అన్నీ నింపిపెట్టుకుంటాం. డెంగీ దోమకు మురుగు కాలువ కంటే ఈ మంచి నీళ్లే ఇష్టం. గుడ్డు నుంచి దోమ కావడానికి వారం, పది రోజులు చాలు. కాబట్టి వారానికి ఒకసారి డ్రమ్ము ఖాళీ చేసి, లోపలి గోడలు పీచుతో గట్టిగా రుద్ది, ఎండబెట్టి నింపుకోవాలి. నీళ్లు మారిస్తే సరిపోదు, గుడ్లు గోడకే అంటుకుని ఉంటాయి. శుక్రవారం డ్రై డే అని ఆరోగ్య శాఖవాళ్లు చెప్పేది ఇదే. మూతకు పాత చీర కట్టినా పర్వాలేదు, సందు లేకుండా కట్టండి. కూలర్ అడుగున, పూలకుండీల పళ్లెంలో, గ్రౌండ్ మూలన పారేసిన టైర్లలో కూడా ఒకసారి చూడండి.

ఇంకో సంగతి. ఈ దోమ కుట్టేది పగటిపూట, ముఖ్యంగా పొద్దున, సాయంత్రం. మన ప్రాక్టీస్ టైమూ అదే. షార్ట్స్ కింద పిక్కలకు, చేతులకు దోమల క్రీమ్ రాసుకుని దిగండి. ఆడంగులకే క్రీములు అనే వెటకారాలు గ్రౌండ్ బయట పెట్టుకోండి.

జ్వరం వస్తే పారాసిటమాల్, నీళ్లు, మజ్జిగ, ఓఆర్‌ఎస్. డెంగీ కాదని తేలేదాకా డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్, ఆస్పిరిన్ జోలికి పోవద్దు, రక్తస్రావం ముప్పు పెంచుతాయి. ఫుట్‌బాలర్ల బ్యాగులో ఒంటినొప్పుల కోసం ఇవే ఉంటాయి, అసలు చిక్కంతా అక్కడే. డెంగీ తేల్చే రక్త పరీక్ష, జ్వరం మొదలైన ఐదు రోజుల్లోపు అయితే ఎన్‌ఎస్1, తర్వాత అయితే ఐజీఎం. జ్వరం దిగింది కదా అని లేచి తిరగొద్దు. డెంగీలో చాలామందికి పరిస్థితి విషమించేది జ్వరం తగ్గే ఆ రెండు రోజుల్లోనే. కడుపులో ఆగని నొప్పి, వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం, ఉన్నట్టుండి నీరసంతో పడిపోవడం, వీటిలో ఏది కనిపించినా పెద్దాస్పత్రికి. బొప్పాయి ఆకు రసం తాగితే తాగండి, దాన్ని నమ్ముకుని రక్త పరీక్ష మాత్రం మానొద్దు. ప్లేట్‌లెట్లు మామూలయ్యేదాకా హెడర్లు, ట్యాకిల్స్ వద్దే వద్దు. 2023 ప్రపంచకప్‌లో శుభ్‌మన్ గిల్ డెంగీతో మొదటి రెండు మ్యాచ్‌లు ఆడలేదు. అంత పెద్ద టోర్నీలో ఆగగలిగినవాడు ఉన్నప్పుడు మన జోనల్ మ్యాచ్‌కు ఆగలేమా?

సూది, సెలైన్, దగ్గు సిరప్

నేను అందరికంటే గట్టిగా చెప్పేది దీని గురించే. టెస్ట్ అంటే మన పిల్లలకు కోవిడ్ టెస్టో డెంగీ టెస్టో గుర్తొస్తుంది. ప్రొఫెషనల్ ఆటలో ఇంకో టెస్ట్ ఉంది, డోపింగ్‌ది, అంటే నిషేధంలో ఉన్న మందు ఒంట్లో ఉందా అని చూసేది. జ్వరం వారంలో పోతుంది. జ్వరానికి వేసుకున్న మందు నెలలకు నెలలు కూర్చోబెట్టగలదు.

క్రికెటర్ పృథ్వీ షా సంగతి చూడండి. 2019 ఫిబ్రవరిలో దేశవాళీ టోర్నీలో ఇచ్చిన శాంపిల్‌లో నిషేధంలో ఉన్న టెర్బుటలిన్ దొరికింది. మన మెడికల్ షాపుల్లో అమ్మే దగ్గు సిరప్‌లు చాలావాటిలో ఉండే మందే. కావాలని తీసుకోలేదని ఒప్పుకున్నారు, అయినా ఎనిమిది నెలల నిషేధం పడింది. ‘దగ్గుకే కదా’ అన్న మాట అక్కడ చెల్లదు.

మన పల్లెల్లో జ్వరానికి వాడే సరంజామా ఒక్కసారి లెక్కేసుకోండి. జ్వరం గంటలో దిగాలని వేసే సూదిలో చాలాసార్లు డెక్సామెథసోన్ లాంటి స్టెరాయిడ్ ఉంటుంది. ఇలాంటి స్టెరాయిడ్‌లు మాత్రగా గానీ సూదిగా గానీ తీసుకుని మ్యాచ్ రోజుల్లో దొరికితే తప్పే. ముక్కు దిబ్బడ మాత్రల్లోని సూడోఎఫెడ్రిన్‌కు కూడా మ్యాచ్ రోజుల్లో పరిమితి ఉంది. ఇక సెలైన్. ‘నీరసంగా ఉంది, ఒక బాటిల్ ఎక్కించు’ అనడం మనకు కాఫీ తాగినంత మామూలు. పన్నెండు గంటల్లో 100 మిల్లీలీటర్ల కంటే ఎక్కువ ద్రవం నరంలోకి ఎక్కించుకోవడం ఆటగాళ్లకు నిషేధం, ఆస్పత్రి చికిత్సలోనో ఆపరేషన్‌లోనో భాగమైతే తప్ప. మన బాటిల్ మామూలుగా అర లీటరు. ఊళ్లో అరుగు మీద పడుకోబెట్టి ఎక్కించిన సెలైన్‌కు ఏ కాగితం చూపిస్తారు? నిజంగా అవసరమైతే ఆస్పత్రిలో చేరి, కేస్ షీట్, డిశ్చార్జి కాగితాలు తెచ్చుకోండి.

మందులిచ్చే ఎవరికైనా మొదటి మాటగా ‘నేను ఆటగాణ్ని, డోప్ టెస్ట్ ఉంటుంది’ అని చెప్పండి. పొట్లంలో విడి మాత్రలు వద్దు, పేరు కనిపించే స్ట్రిప్ అడగండి. దాన్ని ఫొటో తీసి మింగకముందే టీమ్ డాక్టర్‌కు పంపండి. నిషేధంలో ఉన్న మందు తప్పనిసరి అయితే ముందస్తు మినహాయింపుకు నాడాకు, అంటే మన దేశ డోపింగ్ నిరోధక సంస్థకు, దరఖాస్తు చేయాలి. అమ్మానాన్నలకు కూడా ఇది చెప్పి ఉంచాలి, ఎందుకంటే ఆర్‌ఎంపీ దగ్గరికి లాక్కెళ్లేది వాళ్లే, ప్రేమతోనే.

హాస్టల్, మెస్, బస్సు

ఒకే గదిలో ఎనిమిది మంది, ఒకే నీళ్ల బాటిల్ పదకొండు మంది. ఈ అలవాటు పోతే సగం జబ్బులు పోతాయి. మూత మీద పేరు రాసి ఎవరి బాటిల్ వాళ్లకు ఇవ్వండి. వాంతులు, విరేచనాలు పాకే రకం వైరస్‌కు శానిటైజర్ అంతగా పనిచేయదు, సబ్బుతో కడుక్కోవాల్సిందే. తగ్గాక కూడా రెండు రోజులు విడిగా ఉంచండి. గవదబిళ్లలైతే వాపు మొదలైన దగ్గర్నుంచి ఐదు రోజులు, అమ్మవారైతే పొక్కులన్నీ పక్కు కట్టేదాకా క్యాంపు బయటే. సర్కారు టీకాల్లో తట్టు, రుబెల్లాకు ఉంది గానీ గవదబిళ్లలకు లేదు. పిల్లవాడి టీకా కార్డు తీసి చూడండి. ఫ్లూ టీకా పనిచేయడానికి రెండు వారాలు పడుతుంది కాబట్టి బస్సెక్కే ముందురోజు వేయించుకుంటే ఉపయోగం లేదు.

మళ్లీ గ్రౌండ్‌లోకి ఎప్పుడు? ఉత్త పడిశం, తుమ్ములైతే నెమ్మదిగా జాగింగ్ చేయవచ్చు. జ్వరం, ఒళ్లునొప్పులు, ఛాతీలో దగ్గు ఉంటే బూట్లు కట్టుకోవద్దు. చెమట పట్టేలా ఉరికితే జ్వరం పోతుందనే మాట మా కాలం నుంచీ ఉంది, అది ప్రమాదం. వైరస్ కొందరిలో గుండె కండరానికి వాపు తెస్తుంది. బయర్న్ మ్యూనిక్ డిఫెండర్ అల్ఫాన్సో డేవిస్‌కు 2022 జనవరిలో కోవిడ్ తర్వాత అదే జరిగితే ఏప్రిల్ దాకా ఆపేశారు. అతను 21 ఏళ్లవాడు, ప్రపంచంలో అత్యంత వేగంగా ఉరికేవాళ్లలో ఒకడు. తిరిగి మొదలుపెట్టాక ఛాతీనొప్పి, గుండెదడ, కళ్లు తిరగడం ఉంటే ఆట ఆపి ఈసీజీ తీయించండి.

నేను మా పిల్లలతో ఒక చిన్న నోటుబుక్ రాయిస్తాను. పొద్దున లేవగానే మంచం మీదే నాడి చూసుకుని అంకె వేయాలి. రోజూ 58, 60 ఉండేవాడికి ఉన్నట్టుండి 72 వచ్చిందంటే ఏదో తేడా ఉందన్నమాట, ఆరోజు పరుగు లేదు. కళ్యాణదుర్గం కుర్రాడు ఇప్పుడు ఇంకో జట్టుకు ఆడుతున్నాడు. పోయిన ఆగస్టులో ఒక తెల్లారుజామున ఐదున్నరకు ఫోన్ చేశాడు. ‘‘సార్, నాడి 74 ఉంది, ఒళ్లు వెచ్చగా ఉంది. అమ్మ సూది వేయించుకో అంటోంది.’’

‘‘అమ్మకు ఫోన్ ఇయ్యప్పా’’ అన్నాను.