సినిమా సంభాషణలో వాక్క్రియలు – మూడో పాఠం: అడగకుండా అడగడం, కాదనకుండా కాదనడం

మాట్లాడటమంటే సమాచారం చెప్పడమే కాదని, మాటతో మనం పనులు (వీటినే వాక్క్రియలు అంటాం) చేస్తామని మొదటి పాఠంలో చూశాం. తత్వవేత్త జె. ఎల్. ఆస్టిన్ 1955లో హార్వర్డ్‌లో ఇచ్చిన ఉపన్యాసాలు 1962లో పుస్తకంగా వచ్చాక ఈ ఆలోచన భాషాశాస్త్రంలోకి బలంగా ప్రవేశించింది. ఆ పనులను మరో తత్వవేత్త జాన్ సెర్ల్ ఐదు వర్గాలుగా విడదీసిన తీరును రెండో పాఠంలో అభ్యాసం చేశాం: ఒక విషయాన్ని నివేదించడం, ఎదుటివారి చేత ఒక పని చేయించబోవడం, మాట ఇవ్వడం, మనసులోని భావాన్ని వెల్లడించడం, అన్నంత మాత్రాన ఒక స్థితిని మార్చడం. ఆ పాఠంలో తీసుకున్న వాక్యాలన్నీ తమ పనిని పైకి చెప్పుకునేవే కాబట్టి వర్గం గుర్తించడం కష్టం కాలేదు. మంచి సన్నివేశంలో అలాంటి వాక్యాలు తక్కువ. రూపం ఒకటిగా, పని వేరొకటిగా ఉండే పరోక్ష వాక్క్రియను ఎలా పట్టుకోవాలో, పట్టుకున్నామని ఎలా రుజువు చేయాలో ఈ పాఠంలో నేర్చుకుందాం.

పరోక్ష వాక్క్రియల మీద సెర్ల్ వ్యాసం 1975లో వచ్చింది. అయితే ఈ పరిశీలన మన దేశంలో చాలా పాతది. హాలుడి ప్రాకృత గాథల సంకలనం గాథాసప్తశతిలో ఒక స్త్రీ, పూల కోసం గోదావరి ఒడ్డుకు వచ్చే ఒక ధార్మికుడితో, నిన్ను బెదిరించే కుక్కను పొదల్లో ఉండే సింహం ఇవాళ చంపేసింది, ఇక నిశ్చింతగా తిరుగు అంటుంది. వాక్యరూపం అనుమతి. కుక్కకే భయపడేవాడు సింహం ఉన్నచోటికి రాడు కాబట్టి ఆ మాట చేసే పని నిషేధం. తాను ప్రియుణ్ణి కలుసుకునే చోటికి అతను రాకుండా ఉండాలన్నది ఆమె కోరిక. 9వ శతాబ్దపు ఆలంకారికుడు ఆనందవర్ధనుడు వాచ్యం (పైకి చెప్పిన అర్థం) విధిగా, వ్యంగ్యం (లోపల సూచించిన అర్థం) నిషేధంగా ఉండటానికి ఈ గాథనే ఉదాహరణగా చూపాడు. ఇలా సూచించే అర్థాన్ని వివరించే ధ్వని సిద్ధాంతం చదివిన తెలుగు పాఠకులకు ఈ పాఠంలోని సగం విషయం ముందే పరిచయం. మిగిలిన సగం, అంటే రుజువు చూపే పద్ధతి, మాటామంతీ వాక్యం తర్వాత వాక్యంగా ఎలా సాగుతుందో పరిశీలించే సంభాషణ విశ్లేషణ నుంచి తీసుకోవాలి.

అభ్యాసం కోసం ఒక చిన్న సన్నివేశం రాశాను. డెల్టాలో ఒక రైతు ఇల్లు, రాత్రి భోజనాల వేళ. పట్నంలో మందుల షాపు నడిపే అల్లుడు వచ్చి వసారాలో మామగారి ఎదురుగా కూర్చున్నాడు.

1. అల్లుడు: దాళ్వా బాగానే పండిందట మావయ్యగారూ.
2. మామ: పండింది బాబూ. గింజ అమ్మిన డబ్బు ఎరువుల కొట్టుకే సరిపోయింది.
3. అల్లుడు: షాపు మెయిన్ రోడ్డు మీదికి మారుద్దామనుకుంటున్నానండి. అడ్వాన్సు ఎల్లుండిలోగా ఇమ్మంటున్నారు.
4. మామ (లోపలికి చూస్తూ): సావిత్రీ, అల్లుడుగారికి అన్నం వడ్డించు.
5. సావిత్రి: వడ్డిస్తున్నాను. మీరూ రండి. పిల్ల పొద్దున్నుంచీ ఏమీ తినలేదు.
6. మామ (కొంతసేపు ఊరుకుని): రేపు పొద్దున్నే సొసైటీకి వెళ్లొస్తాను.
7. అల్లుడు: మీకెందుకండీ శ్రమ.

మొదటి వాక్యం రూపంలో నివేదన. ఒక నివేదన సరిగా నిలబడాలంటే వినేవాడికి ఆ విషయం ముందే తెలిసి ఉండకూడదన్నది సెర్ల్ చెప్పిన షరతుల్లో ఒకటి. ఇక్కడ పొలం మామగారిది, పంట ఆయన చేతి మీదుగా వచ్చింది, ఆ సంగతి పట్నంలో ఉండే అల్లుడు ఆయనకు చెబుతున్నాడు. షరతు తప్పింది కాబట్టి ఈ మాట మరో పని కోసం వచ్చిందని మనం అనుమానించాలి. చివర ఉన్న ‘ట’ను కూడా వదలకూడదు. తాను అంచనా వేసుకుని రాలేదని, ఎవరో అంటే విన్నానని ఆ ఒక్క అక్షరంతో అల్లుడు బాధ్యతను ఇతరుల మీదికి నెట్టి, వెనక్కి తగ్గడానికి దారి ఉంచుకున్నాడు.

అనుమానం మాత్రమే చాలదు, రుజువు కావాలి. అది రెండో వాక్యంలో ఉంది. పంట గురించే అడిగి ఉంటే ‘పండింది బాబూ’ అన్నంతవరకు జవాబు పూర్తయినట్టే. అయినా మామగారు ఆగకుండా డబ్బు ఏమైపోయిందో కూడా చెప్పారు. ఎవరూ అడగని దానికి ఆయన సమాధానం ఇచ్చారంటే, మొదటి వాక్యాన్ని ఆయన అప్పు అడగడానికి వేసిన తొలి అడుగుగానే విన్నారన్నమాట. అభ్యర్థన ఇంకా నోటివెంట రాకముందే తిరస్కారం వచ్చేసింది. ఈ సూత్రాన్ని గట్టిగా పట్టుకోమని కోరుతున్నాను: ఒక వాక్యం ఏ పని చేసిందో దాని తర్వాతి వాక్యాన్ని చూసి నిర్ణయించాలి. సంభాషణ విశ్లేషకులు శాక్స్, షెగ్లాఫ్, జెఫర్సన్ 1974లో సంభాషణలో వంతుల గురించి రాసిన వ్యాసంలో, ముందు మాటను వినేవాడు ఎలా అర్థం చేసుకున్నాడో అతని జవాబే చూపెడుతుందని, పరిశోధకుడికి కూడా అదే ఆధారమని చెప్పారు.

మూడో వాక్యంలో ‘ఇవ్వడం’ అనే క్రియ విధిరూపంలో వచ్చింది, కానీ ‘ఇమ్మంటున్నారు’ అని కొత్త షాపు గది యజమాని నోట, అల్లుడినే ఉద్దేశించి వచ్చింది. ‘ఇవ్వండి’ అని మామగారితో అల్లుడు ఈ సన్నివేశంలో ఒక్కసారీ అనడు. ఇలాంటి చోట రద్దు పరీక్ష చేయండి. వాక్యం చివర ‘అబ్బే, మిమ్మల్ని అడగడం లేదండీ, ఊరికే చెప్పాను’ అని చేర్చి చూడండి. పరస్పర విరుద్ధం కాకుండా అతుకుతుంది. అదే చేర్పును ‘నాకు డబ్బివ్వండి’ తర్వాత పెడితే అతకదు. అతికితే పరోక్షం, అతకకపోతే ప్రత్యక్షం. తత్వవేత్త గ్రైస్ ధ్వనితార్థాలకు (పైకి చెప్పకుండా సూచించే అర్థాలకు) చెప్పిన రద్దు చేయగల లక్షణం నుంచే ఈ పరీక్ష వచ్చింది.

నాలుగో వాక్యం నిజమైన విధిరూపం, సావిత్రికి చెప్పినది. ఆమె వడ్డిస్తుంది కాబట్టి ఆ పని జరిగింది. అయితే దాని అసలు లక్ష్యం ఎదురుగా కూర్చున్న అల్లుడు, ప్రసంగం ఇక్కడితో చాలన్న సూచన అతనికి. అల్లుడికి ముఖం మీద కాదని చెప్పడం మన ఇళ్లలో ఎంత బరువైన పనో గుర్తుంచుకుంటే, మామగారు తిరస్కారాన్ని మర్యాదలో ఎందుకు చుట్టి ఇచ్చారో అర్థమవుతుంది.

ఐదో వాక్యం దగ్గర ఎక్కువసేపు ఆగాలి. ఒకే మాట వేర్వేరు శ్రోతలకు వేర్వేరు పనులు చేస్తుందని ఆలంకారికుడు మమ్మటుడు కావ్యప్రకాశంలో ‘సూర్యుడు అస్తమించాడు’ అన్న వాక్యంతో చూపాడు. దాడికి సమయమైందని ఒకరు, ప్రియుడి దగ్గరికి బయలుదేరాలని మరొకరు, పని చాలించాలని ఇంకొకరు అర్థం చేసుకుంటారు. సావిత్రి మాటకు ముగ్గురు శ్రోతలున్నారు. భర్తకు అది ఒత్తిడి: కూతురు పస్తు ఉంది, ఏదో ఒకటి తేల్చండి. అల్లుడికి అది నింద: నా బిడ్డ తిండి మానేలా చేశావు. మూడో శ్రోత ప్రేక్షకుడు. అతనికి అది కేవలం నివేదన: కూతురు ఇంట్లోనే ఉంది, ఈ డబ్బు వ్యవహారం ఆమె కాపురం దాకా వచ్చింది. సినిమా సంభాషణకు, వీధిలో వినే సంభాషణకు ఉన్న ముఖ్యమైన తేడా ఈ మూడో శ్రోతే. పాత్రలు తమలో తాము మాట్లాడుకుంటూనే, రచయిత ప్రేక్షకుడితో మాట్లాడతాడు. అందువల్ల ప్రతి వాక్యానికీ రెండు గడులు గీయండి, ఒకటి పాత్రల మధ్య జరిగిన పనికి, రెండోది ప్రేక్షకుడి కోసం జరిగిన పనికి. మొదటి గడి ఖాళీగా ఉండి రెండోదే నిండితే, అంటే ఇద్దరికీ తెలిసిన సంగతిని పాత్రలు మనకోసమే చెప్పుకుంటుంటే, ఆ సంభాషణ బలహీనమైనదని నేను నిస్సంకోచంగా అంటాను.

ఆరో వాక్యం రూపంలో ప్రయాణం కబురు, పనిలో మాట ఇవ్వడం. సహకార సంఘంలో అప్పు తెస్తానని ఆయన అనలేదు, మొత్తం చెప్పలేదు. కావాలంటే రేపు ‘వెళ్తానన్నాను గానీ తెస్తానన్నానా’ అని తప్పుకోవచ్చు. ఆ దారిని మూసింది ఏడో వాక్యం. ‘మీకెందుకండీ శ్రమ’ ప్రశ్నరూపంలో ఉన్నా కారణం అడగడం లేదు, మొహమాటంతో కూడిన కృతజ్ఞత తెలుపుతోంది. ఇవ్వని వస్తువుకు ఎవరూ కృతజ్ఞత చెప్పరు కాబట్టి, ఆ జవాబుతో ఆరో వాక్యం వాగ్దానంగా స్థిరపడింది.

ఇక మీ అభ్యాసం. ఇష్టమైన తెలుగు సినిమా నుంచి ఇంట్లోనో ఆఫీసులోనో జరిగే రెండు మూడు నిమిషాల సన్నివేశం ఎంచుకుని, చెవితో విని రాసుకోండి. ఇంగ్లీషు సబ్‌టైటిళ్లను ఆధారం చేసుకోవద్దు. ‘ట’, ‘లే’, ‘గా’, ‘కదా’, ‘అండి’ వంటివి అక్కడ తరచూ రాలిపోతాయి, మనకు సాక్ష్యం వాటిలోనే ఉంటుంది. ఎవరి వైపు చూస్తూ అన్నారో, ఎక్కడ ఆగారో కుండలీకరణాల్లో గుర్తించండి. మొదట ప్రతి జవాబునూ కాగితంతో కప్పి, పై వాక్యం ఒక్కటే చూసి అది చేసే పని పేరు రాయండి. తర్వాత జవాబు తెరిచి, పేరు మార్చాల్సి వచ్చిన చోట్ల రెండో రంగుతో కారణం రాయండి. చివరగా, పైన ఇచ్చిన సన్నివేశంలో ఏడో వాక్యం తీసేసి ‘అక్కడేం పనండీ?’ అని ఒకసారి, అల్లుడు మాట్లాడకుండా లేచి భోజనానికి వెళ్లినట్టు మరొకసారి రాసి, ఆరో వాక్యం ఏమవుతుందో పరిశీలించండి. ఆ రెండో రూపం నాలుగో పాఠానికి కావాలి కాబట్టి దాచి ఉంచండి. అందులో మౌనం గురించి, ‘మీరు’ నుంచి ‘నువ్వు’కు మారే చోట్ల గురించి చదువుకుంటాం.