ఎర్రమట్టి పెరట్లో కాలీఫ్లవర్ పెంచే పద్ధతి

దక్షిణ ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ పరిసరాల్లో కాలీఫ్లవర్ పువ్వు సరిగా కట్టకపోతే ఎరువు చాలలేదనే అనుకుంటారు. నిజానికి ఇక్కడ పువ్వు ఎక్కువగా చెడేది రెండు కారణాల వల్ల: కాలానికి తగని రకాన్ని నాటడం, మట్టిలోని ఆమ్లగుణాన్ని సరిచేయకపోవడం.

పువ్వు కట్టడానికి ఎంత చల్లదనం కావాలన్నది రకాన్ని బట్టి మారుతుంది. పూసా దీపాలీ వంటి తొలి రకాలు 20 నుంచి 27 డిగ్రీల మధ్య పువ్వు కడతాయి. పూసా శరద్ వంటి నడి రకాలకు ఇంకొంత చల్లదనం, పూసా స్నోబాల్ కె-1 వంటి ఆలస్యపు రకాలకు 10 నుంచి 16 డిగ్రీల చలి అవసరం. అందువల్ల వంశధార, మహేంద్రతనయ నదుల లోయల్లో దీపాలీని జూలైలో, శరద్‌ను ఆగస్టులో నారు పోసుకోవాలి. విత్తనాల దుకాణంలో ఎంత పొగిడినా లోయల్లో స్నోబాల్ జోలికి పోకపోవడమే మేలని నా అభిప్రాయం. అది కోరాపుట్ ఎత్తు ప్రాంతాలకు తగిన రకం. అక్కడ సెప్టెంబరు, అక్టోబరుల్లో నారు పోయవచ్చు. తొలి రకాన్ని ఆలస్యంగా నాటితే మొక్క ఎదగకుండానే బొత్తామంత పువ్వు వేసి ఆగిపోతుంది. ఆలస్యపు రకాన్ని ముందే నాటితే ఆకులు మాత్రమే పెరుగుతాయి.

ఇక మట్టి సంగతి. ఇక్కడి ఎర్రనేలల్లో చాలావాటికి ఆమ్లగుణం ఉంటుంది, కాలీఫ్లవర్‌కేమో ఉదజని సూచిక (పీహెచ్) 6 నుంచి 7 మధ్య ఉండాలి. కృషి విజ్ఞాన కేంద్రంలో మట్టిని పరీక్ష చేయించి, సూచిక 5.5 కంటే తక్కువని తేలితే, నాటడానికి కనీసం మూడు వారాల ముందు చదరపు మీటరుకు సుమారు 200 గ్రాముల సున్నపురాయి పొడిని మట్టిలో బాగా కలపాలి. తాంబూలపు సున్నం ఘాటు ఎక్కువ కనుక దాన్ని వాడకూడదు. పశువుల ఎరువును సున్నంతో పాటే వేయక, రెండు వారాల తరువాత వేయాలి. ఆమ్లనేలలో మాలిబ్డినం అనే సూక్ష్మపోషకం అందదు కాబట్టి ఆకు పలక పెరగక, నడి ఈనె ఒక్కటే కొరడాలా మిగులుతుంది. సున్నం వేస్తే ఈ లోపం చాలావరకు తీరుతుంది. అయితే సున్నం మితిమీరితే బోరాన్ అనే మరో సూక్ష్మపోషకం అందకుండా పోతుంది. వానలకు బోరాన్ ఎలాగూ కొట్టుకుపోతుంది కనుక ఈ రెండింటినీ కలిపి ఆలోచించాలి. కాడ లోపల బోలుగా మారడం, పువ్వు మీద గోధుమరంగు మచ్చలు పడటం బోరాన్ లోపానికి గుర్తులు. చదరపు మీటరుకు ఒక గ్రాము నుంచి గ్రామున్నర వరకు బోరాక్స్‌ను ఇసుకతో కలిపి సమంగా చల్లితే సరిపోతుంది. అంతకు మించితే మొక్కకే విషమవుతుంది.

నారుమడిని జానెడు ఎత్తు చేసి పలుచగా విత్తాలి. ఒత్తుగా పోస్తే వానలకు నారు కుళ్లుతుంది. నాలుగైదు వారాల నారునే తీసి, సాయంత్రం వేళ 45 సెంటీమీటర్ల ఎడంలో నాటాలి, ముదురు నారు కూడా బొత్తాం పువ్వే వేస్తుంది. అక్టోబరు తుపానుల నెల కనుక మడి చుట్టూ కాలువ తీయడం మరవకూడదు. 2018 అక్టోబరు 11న పలాస వద్ద తీరం దాటిన తిత్లీ తుపాను గజపతి జిల్లాను ఎంత ముంచెత్తిందో ఇక్కడివారికి గుర్తే.

తేమ ఒకే తీరుగా ఉండాలి. నాటిన మూడు, ఆరు వారాలకు కొద్దిగా యూరియా వేసి మట్టి ఎగదోయాలి. ఆకులను జల్లెడ చేసే చిన్న పచ్చపురుగుకు లీటరు నీటికి 50 గ్రాముల వేపగింజల పప్పుతో తీసిన కషాయాన్ని సాయంత్రం ఆకుల అడుగున తడిసేలా పిచికారీ చేయాలి. మడి అంచున పక్షం ముందుగానే ఆవాలు చల్లితే ఆ పురుగు తల్లి చాలావరకు వాటి మీదే గుడ్లు పెడుతుంది.

పువ్వు కోడిగుడ్డంత అయ్యాక పై ఆకులను వదులుగా దగ్గరకు చేర్చి కట్టాలి. ఎండ సోకితే పువ్వు పసుపుబారుతుంది. కట్టినచోట వాననీరు నిలిస్తే మాత్రం వెంటనే విప్పాలి. పువ్వు గట్టిగా ఉన్నప్పుడే, ఉదయం పూట, కొన్ని ఆకులతో సహా కోయాలి. వేడి రోజుల్లో కొద్ది రోజులు ఆలస్యమైనా పువ్వు విచ్చి నూగుగా మారుతుంది. కోత తరువాత మోళ్లను పీకి పారవేసి, ఆ మడిలో రెండు మూడేళ్లపాటు క్యాబేజీ, ముల్లంగి, ఆవాల వంటివి కాక బెండ, చిక్కుడు వేసుకోవాలి.