సైబీరియా రైలు ప్రయాణానికి పుస్తకాలు ఎలా ఎంచుకోవాలి?

మాస్కో నుంచి వ్లాదివోస్తోక్ వరకు సాగే ట్రాన్స్-సైబీరియన్ రైలు మార్గం పొడవు 9,288 కిలోమీటర్లు. మధ్యలో ఎక్కడా దిగకుండా వెళ్లినా ఆరేడు రోజులు పడుతుంది. ఇంత తీరిక మళ్లీ దొరకదన్న ఆశతో చాలామంది ఏళ్ల తరబడి అలమారలో ఉండిపోయిన లావుపాటి పుస్తకాలన్నీ పెట్టెలో సర్దుకుంటారు, వాటిలో చాలావరకు తెరవకుండానే ఇంటికి తిరిగి తెచ్చుకుంటారు. రైలులో చదువుకు దొరికే సమయాన్ని కిటికీ, తోటి ప్రయాణికులు, నిద్ర కూడా పంచుకుంటాయి. అందుచేత ఎన్ని పుస్తకాలు తీసుకువెళ్లాలన్నదాని కన్నా, ఎక్కడ ఆపినా మళ్లీ సులువుగా అందుకోగలిగే పుస్తకం ఏదన్నది ముందుగా ఆలోచించాలి.

1. ఎన్ని పేజీలు చదవగలరో లెక్క వేసుకోండి

గంటకు 30 పేజీలు, రోజుకు నాలుగు గంటల చొప్పున ఆరు రోజులు చదివితే 720 పేజీలవుతాయి. ఇందులో మొదటి రోజును తీసివేయడం మంచిది. టాల్‌స్టాయ్ నవలలో అన్నా కరెనినా మాస్కో నుంచి పీటర్స్‌బర్గ్ వెళ్లే రైలులో ఒక ఇంగ్లీషు నవల తెరుస్తుంది, కానీ చుట్టూ మనుషుల అలికిడి, కిటికీని తాకుతున్న మంచు వల్ల ముందు ఒక్క ముక్కా తలకెక్కదు. ఆ చప్పుళ్లకు అలవాటు పడ్డాకే ఆమె చదవగలుగుతుంది. ఎవరికైనా అంతే. పైగా తూర్పుకు వెళ్తున్నకొద్దీ గడియారం రోజుకు సుమారు ఒక గంట ముందుకు జరుగుతూ, చివరికి మాస్కోకూ వ్లాదివోస్తోక్‌కూ మధ్య ఏడు గంటల తేడా తేలుతుంది కనుక నిద్రవేళలు కూడా తారుమారవుతాయి. మొత్తం మీద 600 పేజీలు, అంటే రెండు మామూలు పుస్తకాలు, ఒక చిన్న పుస్తకం చాలు.

2. దారిని చూసి పుస్తకాన్ని ఎంచుకోండి

ఇది అన్నిటికన్నా ముఖ్యమైన పని, కొంచెం సమయం పెట్టవలసిన పని. రైలు వెళ్లే దారిని పటం మీద పరచుకుని, ఏ ఊరికి ఏ రచయితతో సంబంధం ఉందో చూడండి. ఈ మార్గంలో వచ్చే ఓమ్స్క్ నగరంలోనే దస్తయెవ్‌స్కీ 1850 నుంచి 1854 వరకు కఠిన కారాగార శిక్ష అనుభవించాడు. ఆ అనుభవంతో ఆయన రాసిన 'ది హౌస్ ఆఫ్ ది డెడ్' నవలను ఓమ్స్క్ దగ్గర పడుతున్నప్పుడు చదవడం వేరు, ఇంట్లో చదవడం వేరు. రైలు మార్గం పనులు 1891లో మొదలయ్యాయి. అంతకు ముందు ఏడాదే చెకోవ్ బండ్ల మీద, పడవల మీద సైబీరియాను దాటి సహాలిన్ దీవికి చేరాడు, దానికి ఆయనకు దాదాపు మూడు నెలలు పట్టింది. బురదలో కూరుకుపోయిన బండ్ల గురించి, పొంగిన నదుల గురించి దారి పొడవునా ఆయన ఇంటికి రాసిన ఉత్తరాలకు ఇంగ్లీషు అనువాదాలున్నాయి. ఒక్కొక్క ఉత్తరాన్ని ఒక్కసారి కూర్చుని చదివేయవచ్చు కనుక ఈ ప్రయాణానికి అంతకన్నా తగిన పుస్తకాన్ని చెప్పడం కష్టం.

తెలుగులో చదవదలచినవారికి రాహుల్ సాంకృత్యాయన్ 'ఓల్గా నుంచి గంగకు' ఉంది. నీజ్నీ నోవ్‌గొరోద్ మీదుగా వెళ్లే రైలు బయలుదేరిన కొన్ని గంటలకే వోల్గా నదిని దాటుతుంది, ఆ పుస్తకంలోని మొదటి కథ కూడా ఆ నది ఒడ్డునే మొదలవుతుంది. మొత్తం 20 కథలు, దేనికది విడిగా పూర్తవుతుంది.

3. పెద్ద నవలైతే ఇంట్లోనే మొదలుపెట్టండి

రష్యన్ నవలల్లో ఒకే మనిషి ఒక పేజీలో ద్మీత్రి ఇవానొవిచ్ అవుతాడు, మరో పేజీలో మీత్యా అవుతాడు, ఇంకొకచోట ఇంటిపేరుతో మాత్రమే కనబడతాడు. రైలులో పది నిమిషాలకొకసారి తల ఎత్తి చూసే పాఠకుడు ఇక్కడే దారి తప్పుతాడు. తొలి 50 పేజీలు ఇంట్లో నిదానంగా చదివి, పాత్రల పేర్లు, వాటి ముద్దుపేర్లు, చుట్టరికాలు ఒక చీటీ మీద రాసుకుని, ఆ చీటీనే పేజీ గుర్తుగా పెట్టుకోండి.

4. చేతిలో పట్టుకుని పరీక్షించండి

వెల్లకిలా పడుకుని పుస్తకాన్ని ముఖానికి ఎదురుగా పావుగంట పట్టుకుని చూడండి. పై బెర్తులో కూర్చోవడానికి ఎత్తు చాలదు కనుక మీరు చదివేది ఈ విధంగానే. 600 పేజీల గట్టి అట్ట పుస్తకమైతే అయిదో నిమిషానికే మణికట్టు నొప్పి పెడుతుంది. అక్షరాలు చిన్నవైతే బెర్తు దీపం వెలుగులో వత్తులూ గుడులూ కలిసిపోతాయి. జిగురుతో మాత్రమే అతికించిన పుస్తకాన్ని వెనక్కి మడిచి చదివితే మధ్యలో విడిపోయి కాగితాలు ఊడివస్తాయి, కాబట్టి దొరికితే దారంతో కుట్టిన ప్రతినే తీసుకోండి.

5. ఫోనులో కొన్ని పుస్తకాలు దాచుకోండి

ఊళ్ల మధ్య అడవుల్లో గంటల తరబడి సిగ్నల్ ఉండదు కనుక అవసరమైనవన్నీ బయలుదేరే ముందే దింపుకోవాలి. విమానంలో చేతిసంచికి సాధారణంగా 7 కిలోలే అనుమతిస్తారు కాబట్టి బరువైన పుస్తకాలను ఫోనులో పెట్టుకోవడం తెలివైన పని. ఉత్కంఠ నవలల విషయంలోనూ నా సలహా ఇదే: ఒక్క రాత్రిలో పూర్తయి మిగిలిన దారంతా బరువుగా మిగిలేవాటిని కాగితం మీద తీసుకువెళ్లవద్దు.

6. బైకాల్ దగ్గర చదువు పెట్టుకోవద్దు

ఇర్కూత్స్క్ దాటాక రైలు ప్రపంచంలోకెల్లా లోతైన బైకాల్ సరస్సు ఒడ్డున సుమారు 200 కిలోమీటర్లు వెళుతుంది. తూర్పుకు వెళ్లేవారికి నీళ్లు ఎడమ వైపు కనబడతాయి. పగటిపూట ఆ భాగం వస్తే పుస్తకాన్ని మూసి దిండు కింద పెట్టండి.

7. పంచుకోవడానికి ఒక పుస్తకం

కుపే అనే నాలుగు బెర్తుల రైలు గదిలో వారం పాటు ముగ్గురు అపరిచితులతో ఉండాలి. హైదరాబాదు ఆబిడ్స్‌లో ఆదివారం పరిచే పాత పుస్తకాల్లో వెతికితే, సోవియట్ కాలంలో ప్రగతి, రాదుగ ప్రచురణాలయాలు మాస్కోలో అచ్చు వేసిన తెలుగు పుస్తకాలు ఇప్పటికీ అప్పుడప్పుడు దొరుకుతాయి. బొమ్మలున్న పిల్లల కథల పుస్తకమైతే మరీ మంచిది. దాని చివరి పేజీలో, 'తెలుగు భాషలో' అన్న మాట రష్యన్ లిపిలో సన్నని అక్షరాలతో అచ్చయి ఉంటుంది. ఎదుటి బెర్తులో టీ గ్లాసు పట్టుకుని కూర్చున్న పెద్దావిడకు ఆ పేజీ తెరిచి చూపండి.