మా ఇంటికొచ్చిన గండమ్: జాకూ కిట్ బిల్డ్ చేసే పద్ధతి

పెట్టె మీది ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కుని చదివి మా అమ్మ అడిగిన మొదటి మాట: "డబ్బులిచ్చి మరీ గండం కొనుక్కొచ్చావేంట్రా?" అది జపాన్ వాళ్ల రోబో పేరని చెప్పాను. నిజానికి ఈ పెట్టెలో ఉన్నది గండమ్ కూడా కాదని, దాని శత్రువు జాకూ అని కూడా చెప్పాను. "అయితే శత్రువుని కొన్నావా!" అంది. అక్కడితో ఆ చర్చ ఆపేశాం.

1979లో జపాన్ టీవీలో యోషియుకి టొమినో దర్శకత్వంలో 'మొబైల్ సూట్ గండమ్' అనే కార్టూన్ సీరియల్ వచ్చింది. 1980 జూలైలో బందాయ్ కంపెనీ మొదటి గండమ్ కిట్, అంటే ముక్కలు బిగించి చేసుకునే బొమ్మ, అమ్మింది. 1/144 సైజు (అసలు ఎత్తులో 144వ వంతు), ధర 300 యెన్లు. అప్పట్లో గమ్ము పెట్టి అతికించుకోవాలి, రంగులు కూడా మనమే వేసుకోవాలి. ఇప్పటి కిట్లకి ఆ బాధ లేదు. ముక్కలు ఏ రంగువి ఆ రంగు ప్లాస్టిక్‌లోనే పోతపోసి వస్తాయి, నొక్కితే టక్కున కూర్చుంటాయి. బిగించడం వరకూ ఇది నిజంగా పిల్లల ఆటే. పదకొండేళ్ల మా మేనల్లుడు ఒక్క ఆదివారం మధ్యాహ్నంలో బిగించేశాడు. కాకపోతే వాడి జాకూ ప్లాస్టిక్ మగ్గులా మెరుస్తుంది. నాది ఇనపముక్కలా కనిపిస్తుంది. "మామయ్యా, రెండూ ఒకటే కిట్టు కదా?" అని వాడు అడిగినదానికి జవాబుగా ఇదంతా రాస్తున్నాను.

మొదటి కిట్టుకి హెచ్‌జీ (హై గ్రేడ్) రకం తీసుకోండి. 1/144 సైజే. కథలో జాకూ ఎత్తు 17.5 మీటర్లు కాబట్టి బల్ల మీద సుమారు 12 సెంటీమీటర్లు ఉంటుంది. ఎంజీ (మాస్టర్ గ్రేడ్) అంటే 1/100, పీజీ (పర్ఫెక్ట్ గ్రేడ్) అంటే 1/60, వాటి జోలికి తర్వాత వెళ్లొచ్చు. 2010లో మొదలైన ఆర్‌జీ (రియల్ గ్రేడ్) రకం కూడా 1/144 సైజే, కానీ లోపల అస్థిపంజరంలాంటి ఫ్రేమ్ ఉంటుంది, ముక్కలు బియ్యపు గింజల్లా ఉంటాయి. సైజు చూసి సులువనుకుని ముందు అది కొంటే విసుగొచ్చి అటక మీద పడేస్తారు. జాకూనే ఎందుకంటే, అది యుద్ధంలో తిరిగే సిపాయి. గీతలు పడ్డా, దుమ్ము పట్టినా దానికి అందమే. తెల్లటి గండమ్ మీద చిన్న తప్పు కూడా దాగదు.

పనిముట్లు

నేను ఎలక్ట్రీషియన్లు వాడే కటింగ్ ప్లేయర్‌తో మొదలుపెట్టాను. అది కోయదు, నలిపేస్తుంది. ఒక పక్క చదునుగా ఉండే మోడల్ నిప్పర్ కొనండి, డబ్బు పెట్టాల్సింది దాని మీదే. సన్న బ్లేడు కత్తి ఒకటి, ట్వీజర్ ఒకటి కావాలి. కార్లకి పెయింటింగ్ చేసేవాళ్లు సామాన్లు కొనే షాపులో 400, 600, 800, 1000 నంబర్ల ఎమరీ పేపర్ దొరుకుతుంది. వడ్రంగి వాడే ఉప్పు కాగితం మాత్రం వద్దు, మరీ గరుకు. పేపర్ని వేలెడు ముక్కలుగా కత్తిరించి ఐస్‌క్రీమ్ పుల్లలకి అంటించుకుంటే చదునైన చోట్ల అంచులు గుండ్రంగా అరిగిపోవు.

ముక్కలు పెట్టుకోవడానికి నేను పాత ఇడ్లీ రేకు వాడతాను. ఒక గుంటలో తల, ఒక గుంటలో కుడి చెయ్యి, అలాగన్నమాట. మళ్లీ వంటింట్లోకి రాని రేకు అయితేనే తీసుకోండి. ఇంకో సంగతి, ఫ్యాన్ ఆపండి. మా విశాఖపట్నంలో ఆ ఉక్కలో ఫ్యాన్ ఆపడమంటే శిక్షే గానీ, ఎగిరిపోయిన జాకూ ఒంటికన్ను కోసం ఫ్రిజ్ కింద టార్చి వేసి వెతకడం అంతకంటే పెద్ద శిక్ష.

కోత

ముక్కలన్నీ రన్నర్ అనే ప్లాస్టిక్ చట్రానికి అతుక్కుని వస్తాయి. ప్రతి చట్రానికీ ఒక అక్షరం, ప్రతి ముక్కకీ ఒక నంబరు ఉంటాయి. మాన్యువల్ జపనీస్‌లో ఉన్నా భయం లేదు, బొమ్మలు చూస్తే చాలు. అన్నీ ఒకేసారి కోసి కుప్ప పోయకండి. కోసిన ముక్క మీద నంబరు ఉండదు. ఏ మెట్టుకి కావలసినవి ఆ మెట్టులోనే కోయండి.

ముక్కని చట్రానికి కలిపే సన్నటి కాడని గేట్ అంటారు. దాన్ని రెండుసార్లుగా కోయాలి. మొదటి కోత ముక్కకి రెండు మూడు మిల్లీమీటర్ల దూరంలో, చట్రం వైపు. అప్పుడు ముక్క చేతికొస్తుంది, దాని మీద చిన్న మోడు మిగులుతుంది. రెండో కోతకి నిప్పర్ చదును పక్కని ముక్క వైపు తిప్పి, మోడు అర మిల్లీమీటరు మిగిలేలా కోయండి. ఆ మిగిలినదాన్ని కత్తితో ఒకేసారి చెక్కకండి, ఉల్లిపొర తీసినట్టు పొరలు పొరలుగా తీయండి. తర్వాత 400తో మొదలుపెట్టి 1000 దాకా రుద్దండి.

ఇంత చాదస్తం ఎందుకంటే, ఒక్క దెబ్బలో ముక్క పక్కనే కోస్తే ఆ ఒత్తిడికి ప్లాస్టిక్ సాగి, లోపల కంటికి కనిపించనంత చిన్న చీలికలు పడతాయి. వాటి మీద వెలుతురు చెదిరి అక్కడ తెల్లమచ్చ కనిపిస్తుంది. జాకూ ముదురాకుపచ్చ మీద అది సున్నం చుక్క పెట్టినట్టే ఉంటుంది. అయినా మచ్చ పడితే బొటనవేలి గోరుతో గట్టిగా ఇరవై ముప్పై సార్లు రుద్దండి, చాలావరకు పోతుంది.

జాకూలో అసలు పరీక్ష గొట్టాల దగ్గర. మూతి నుంచి రెండు పక్కలా వెనక్కి వెళ్లే గొట్టాలు, నడుము చుట్టూ, కాళ్ల మీద ఉండేవి, అన్నీ గాడులు గాడులుగా ఉంటాయి. మోడు సరిగ్గా గుబ్బ మీద వస్తే రుద్దేటప్పుడు ఆ గుబ్బ చదునైపోతుంది. అక్కడ పుల్లకి అంటించిన పేపర్ పనికిరాదు. 600 పేపర్ని సన్న పట్టీగా కోసి, గొట్టానికి చుట్టి, బూటు పాలిష్ చేసేవాడు గుడ్డ లాగినట్టు అటూ ఇటూ లాగండి. గుబ్బ గుండ్రంగానే ఉంటుంది. ఒక జత గొట్టాలకి నాకు అరగంట పట్టింది. తల చూసినవాళ్ల కన్ను మొదట పడేది అక్కడే కాబట్టి ఆ అరగంటకి బాధపడలేదు.

ఎడమ భుజం మీది ముళ్లు కాస్త మొద్దుగా వస్తాయి. పేపర్ మీద తిప్పుతూ రుద్దితే పదునెక్కుతాయి. ఇంట్లో చిన్నపిల్లలుంటే మొద్దుగానే ఉండనివ్వండి.

బిగింపు

మొదటిసారి నొక్కేది మళ్లీ విప్పడానికే. గీతలు, స్టిక్కర్లు, స్ప్రే అన్నీ విడివిడి ముక్కల మీదే బాగా వస్తాయి. అందుకని లోపలి పిన్నుల కొసల్ని నిప్పర్‌తో ఏటవాలుగా కోయండి. పట్టు కొంచెం తగ్గుతుంది, గోరు దూర్చితే ఊడొస్తుంది. కీళ్లకి పెట్టే మెత్తటి బూడిదరంగు ముక్కలు ఏ వైపు తిరిగి కూర్చోవాలో బొమ్మలో రెండుసార్లు చూసుకోండి. మా వాడు మోకాలిది తలకిందులుగా పెట్టి, కాలు మడవబోతే అది వెనక్కి కాకుండా ముందుకి మడతపడింది.

తుపాకీలాంటివి రెండు సగాలుగా వస్తాయి, మధ్యలో అతుకు గీత కనిపిస్తుంది. అది పోవాలంటే రెండు అంచులకీ పల్చటి ప్లాస్టిక్ సిమెంట్ రాసి గట్టిగా నొక్కండి. కరిగిన ప్లాస్టిక్ సన్నటి కట్టలా పైకి పొంగుతుంది. రెండు మూడు రోజులు వదిలేసి, గట్టిపడ్డాక రుద్దేయండి. పీఎస్ అని రాసున్న చట్రం ముక్కలకే ఇది పనిచేస్తుంది. కీళ్లలో వాడే పీఈ రకానికి అంటదు.

గీతలు

ముక్కల మీద ఉండే సన్నటి గాడుల్లోకి ముదురు రంగు దింపితే ఒక్కసారిగా లోతు వస్తుంది. ఇన్ని పనుల్లో తక్కువ కష్టానికి ఎక్కువ ఫలితం ఇచ్చేది ఇదే. సన్నమొన గండమ్ మార్కర్ పెన్నుతో గాడి వెంట గీసి, పక్కకి పోయినదాన్ని వేలితోనో, పెన్సిల్ రబ్బరుతోనో తుడిచేయండి. ఆకుపచ్చకి నలుపు బాగుంటుంది. తెలుపు మీద బూడిదరంగు, ఎరుపు, పసుపుల మీద గోధుమరంగు వాడండి. తెలుపు మీద నల్లగీత గీస్తే పిల్లల డ్రాయింగ్ పుస్తకంలా ఉంటుంది.

సీసాలో వచ్చే ఎనామెల్ ద్రవం ఇంకో పద్ధతి. బ్రష్ మొనతో ఒక చుక్క తాకిస్తే గాడి వెంట దానంతటదే పాకుతుంది. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. అలా ముచ్చటపడే ఒక మోకాలు పోగొట్టుకున్నాను. బిగించేసిన కాలి మీద దాన్ని ధారాళంగా పోసి, డ్యూటీకి వెళ్లిపోయాను. రాత్రి వచ్చి కాలు పట్టుకుంటే మోకాలి కింద చటుక్కున విరిగింది. తప్పు నాదే. బిగించిన ముక్క పిన్నుల దగ్గర ఒత్తిడిలో ఉంటుంది. ఆ సందుల్లోకి ద్రవంలోని థిన్నర్ దిగితే ప్లాస్టిక్ పెళుసెక్కి పగులుతుంది, ఏబీఎస్ రకం ప్లాస్టిక్ అయితే మరీ తొందరగా. ఎనామెల్ వాడేటట్టయితే విప్పిన ముక్కల మీద, వీలైతే ముందు గ్లాసీ (మెరిసే) కోటు కొట్టి, చుక్క చుక్కగా వాడండి.

నీటి డెకాల్స్ (నీళ్లలో తడిపి అంటించే పల్చటి గుర్తులు) విడిగా కొనుక్కుంటే అవి కూడా నున్నటి ఉపరితలం మీదే అంటించాలి. గరుకు మీద అంటిస్తే కింద గాలి చిక్కి వెండిలా మెరుస్తుంది. వరస గుర్తుంచుకోండి: గ్లాసీ కోటు, గీతలు, డెకాల్స్, ఆఖరున మెరుపు తీసే మ్యాట్ కోటు.

మ్యాట్ స్ప్రే, అసలు గండం

బొమ్మ మెరుపు చంపి ఇనుము చేసేది మ్యాట్ కోటే. అన్నీ పాడుచేయగలిగేది కూడా అదే, ముఖ్యంగా సముద్రం పక్కన ఉండేవాళ్లకి. మాది ఎంవీపీ కాలనీ. మొదటిసారి సెప్టెంబర్ సాయంత్రం మేడ మీద కొట్టాను. పది నిమిషాల్లో జాకూ భుజాలకి విభూతి రాసినట్టు తెల్లపొర పట్టింది. స్ప్రేలోని ద్రావకం గబగబా ఆవిరైపోతూ ఉపరితలాన్ని చల్లబరుస్తుంది. గాలిలో తేమ ఎక్కువగా ఉంటే అది ఆ చల్లదనానికి దిగి, ఆరని పొరలో చిక్కుకుంటుంది. తర్వాత పొడిగా ఉన్న రోజున పల్చగా ఇంకో కోటు కొడితే చాలావరకు పోయింది గానీ, ఈలోపు నాకు పట్టిన టెన్షన్ అంతా ఇంతా కాదు.

అప్పటినుంచి గోడకి తేమ మీటర్ తగిలించాను. 60 శాతం దాటితే డబ్బా ముట్టుకోను. జనవరిలో ఎండెక్కాక, పది పదకొండు గంటల మధ్య మాకు మంచి సమయం. ముక్కల్ని చిన్న క్లిప్పులతో చీపురుపుల్లలకి పట్టించి, థర్మోకోల్ దిమ్మకి గుచ్చండి. పారదర్శకంగా ఉండే భాగాలుంటే ముందే తీసేయండి, మ్యాట్ పడితే అవి మసకబారతాయి. డబ్బాని రెండు నిమిషాలు బాగా ఊపి, 20 నుంచి 25 సెంటీమీటర్ల దూరంలో, ముక్కకి అవతల మొదలుపెట్టి ఇవతల ఆపండి. చెయ్యి ఆగకూడదు. తడిసి ముద్దయ్యేలా కాదు, మంచు పడ్డట్టు పల్చగా. ఇరవై నిమిషాలాగి రెండోసారి. ముందుగా మిగిలిన చట్రం ముక్క మీద పరీక్షించడం మరచిపోకండి. మేడ మీదే కొట్టండి, ఆవిర్లు ఆపే ఫిల్టర్ మాస్కు పెట్టుకోండి. స్టవ్వు, దేవుడి దీపం దరిదాపుల్లో వద్దు, అది మండే సరుకు.

టోక్యోలో ఉన్న మా బావని రెండు డబ్బాలు తెమ్మంటే నవ్వాడు. స్ప్రే డబ్బా విమానం ఎక్కనివ్వరు. కిట్టూ, నిప్పరూ తెప్పించుకోండి, డబ్బా మాత్రం ఇక్కడే వెతుక్కోండి.

ఒక రోజంతా ఆరనిచ్చాక పాదాలకి దుమ్ము పట్టించాను. దీనికి రంగులేం కొనలేదు. గడపలకి, అరుగులకి పూసే జాజు ఉంది కదా, దాన్ని మెత్తగా నూరి, జల్లెడ పట్టి, మెత్తటి బ్రష్‌తో చీలమండల దాకా అద్దాను. భీమిలి దారిలో ఎర్రమట్టి దిబ్బల మీద నడిచొచ్చినట్టుంది. మ్యాట్ గరుకు వల్ల పొడి బాగా పడుతుంది. పైన ఇంకో పల్చటి కోటు కొడితే నిలుస్తుంది కానీ కాస్త రంగు తగ్గుతుంది, కాబట్టి ముందే రవ్వంత ఎక్కువ అద్దండి.

ఇక కన్ను. కిట్టులో ఇచ్చే గులాబీ రేకు స్టిక్కర్ బాగానే ఉంటుంది, లోతుండదు. అమ్మ దగ్గర రాళ్ల బొట్టుబిళ్లల అట్టలో రెండు మిల్లీమీటర్ల గులాబీ రాయి కనిపించింది. ట్వీజర్‌తో తీసి, టూత్‌పిక్ మొనంత తెల్ల గమ్ముతో కంటి గుంటలో కూర్చోబెట్టాను. సూపర్ గ్లూ వాడకండి, దాని ఆవిరికి రాయి మసకబారుతుంది. దీపం వెలుగు పడితే ఆ కన్ను నిజంగా చూస్తున్నట్టే ఉంటుంది.

తన బొట్టుబిళ్ల అట్టకి చిల్లు పడిందని అమ్మకి సంక్రాంతికి తెలిసింది. ఏమీ అనలేదు. బొమ్మల కొలువులో కింది మెట్టు మీద, పాములవాడి పక్కన జాగా చేసి, "నీ గండాన్ని ఇక్కడ నిలబెట్టు, కత్తి మాత్రం దేవుళ్ల వైపు తిప్పకు" అంది. అది కత్తి కాదు, గొడ్డలి. సరిచేయలేదు.