వీడియో కాల్‌లో మాటలు నాయనకు కనపడేలా పెట్టుకున్నాం, ఇలా

మా నాయన తాడిపత్రిలో బండల పాలిషింగ్ ఫ్యాక్టరీలో 22 ఏళ్లు పనిచేశాడు. ఆ మిషన్ల మోతకు చెవులు బాగా మందగించాయి. ఆదివారం బెంగళూరు నుంచి తమ్ముడు, ఊరి నుంచి చిన్నాయన గూగుల్ మీట్‌లోకి వస్తే అందరి మాటకూ "ఊ" అని తలూపేవాడు. ఒకరోజు తమ్ముడు "మోకాలి నొప్పి తగ్గిందా నాయనా?" అని అడిగితే "తిన్యాం లేప్పా" అన్నాడు. ఆ రాత్రే క్యాప్షన్లు, అంటే మాట్లాడే మాటలు తెర మీద అక్షరాలుగా వచ్చేవి, ఎలా పెట్టాలో చూశాను.

కంప్యూటర్‌లో మీటింగ్ తెరిచాక కింది వరసలో 'సీసీ' గుర్తు నొక్కండి. కీబోర్డు మీద సి అక్షరం నొక్కినా సరే. ఫోన్‌లో అయితే మూడు చుక్కలు నొక్కితే క్యాప్షన్లు దొరుకుతాయి. మీరు ఆన్ చేస్తే మీ తెర మీదే వస్తాయి, మిగతావాళ్లకు అడ్డం కావు.

చాలామంది "పిచ్చి రాతలు వస్తున్నాయి" అని ఇక్కడే ఆపేస్తారు. భాష ఇంగ్లీషు మీద ఉండిపోవడమే కారణం. సెట్టింగ్స్‌లో క్యాప్షన్స్ లోకి పోయి, మీటింగ్‌లో మాట్లాడే భాషను తెలుగుకు మార్చండి. అనువాదం అనేది వేరే, దాని జోలికి పోవద్దు. అక్షరాల సైజు కూడా అక్కడే పెంచుకోవచ్చు. నేను పెద్ద సైజు పెట్టి, ల్యాప్‌టాప్‌ను కేబుల్‌తో టీవీకి కలిపాను. నాయన మంచం మీద కూర్చునే చదువుతాడు.

జూమ్‌లో అయితే మీటింగ్ పెట్టినవాళ్లు ముందే తమ అకౌంట్ సెట్టింగ్స్‌లో ఆటోమేటిక్ క్యాప్షన్లు ఆన్ చేసి ఉండాలి.

బటన్ కంటే మైకు ముఖ్యం. మా తమ్ముడు ఫ్యాన్ కింద, ఫోన్ టేబుల్ మీద పెట్టి మాట్లాడితే సగం మాటలు ఎగిరిపోయేవి. మైకున్న ఇయర్‌ఫోన్ పెట్టుకోమన్నాక వాక్యాలు నిలబడ్డాయి. ఇద్దరు ఒకేసారి మాట్లాడితే ఏదీ సరిగా రాదు. క్యాప్షన్ పక్కన మాట్లాడేవాళ్ల పేరు వస్తుంది కదా, ఒకే ఫోన్ ముందు నలుగురు కూర్చుంటే నలుగురి మాటా ఒకే పేరు మీద పడుతుంది. అందుకే మా ఇంట్లో "నేను సరోజను" అన్నట్టు పేరు చెప్పి మొదలుపెడతాం.

మన యాస దానికి పూర్తిగా అందదు. చిన్నాయన "పోతాండాము" అంటే "పోతా దాము" అని రెండు ముక్కలుగా రాసింది. అట్లని ఆయనను పుస్తకంలో మాదిరి మాట్లాడమనలేదు. నాయనది అదే యాస కాబట్టి ముక్కల్లోనూ మాటను పట్టుకుంటాడు.

అంకెలను మాత్రం నమ్మొద్దు. మాత్ర ఎంత పవరు, డాక్టరు దగ్గరికి ఏ తారీఖు, ఎంత డబ్బు పంపాలి, ఇవన్నీ నోటితో చెప్పి చాట్‌లో కూడా రాయండి. మందుల విషయంలో దీన్ని నేను ఎవరికీ సడలించను.

ఎదురుగా కూర్చున్నవాళ్ల మాట చదవడానికి ఆండ్రాయిడ్ ఫోన్‌లో లైవ్ ట్రాన్స్‌క్రైబ్ అనే యాప్ ఉంది, దానికి తెలుగు వచ్చు. మీట్‌లో క్యాప్షన్లు మొరాయించిన రోజు ఆ ఫోన్‌ను స్పీకర్ పక్కన పెట్టి నెట్టుకొచ్చాం.

పోయిన ఆదివారం చిన్నాయన చేను సంగతి చెబుతుంటే, నాయన టీవీ మీద నుంచి చూపు తిప్పకుండా "బోరు ఎన్ని అడుగులు దింపినావురా?" అని అడిగాడు. చిన్నాయన ఒక క్షణం ఆగి, గట్టిగా "ఆరు వందల యాభై అన్నా" అన్నాడు. చాట్‌లో కూడా 650 అని రాయించాను.