జిట్ కోడ్ డీబగ్గింగ్ - 4: తొమ్మిది రాస్తే నలభై రెండు ఎందుకు?

జిట్ అంటే ప్రోగ్రాము నడుస్తుండగానే మెషిన్ కోడ్ పుట్టించడం. దాని మీద పోయిన పాఠంలో ఇచ్చిన చిన్న అభ్యాసం చాలామందిని ఏడిపించింది. బఫర్‌లో, అంటే కోడ్ రాసుకునే మెమరీ ముక్కలో, 42 తిరిగిచ్చే ఫంక్షన్ పుట్టించి నడపండి, తర్వాత అదే చోట 9 ఇచ్చేది రాసి నడపండి అన్నాను. ల్యాప్‌టాప్‌లో 9 వచ్చింది, రాస్ప్‌బెర్రీ పై 3 మీద మళ్లీ 42. కాబట్టి స్టాక్ చదవడం వచ్చే పాఠానికి వాయిదా. మెమరీ తీసుకుని దానికి అనుమతులు పెట్టే ఎంమ్యాప్, ఎంప్రొటెక్ట్ గురించి చెప్పను, అవి మీకు వచ్చు.

డీబగ్గర్ జీడీబీలో చూస్తే పై 3 బఫర్‌లో హెక్స్ 52800120 ఉందన్నారు. అది 9 ఇచ్చే ఆదేశమే. (42 అయితే 52800540.) కానీ జీడీబీ చూపేది మెమరీలో ఉన్నది, ప్రాసెసర్ నడిపేది ఇన్‌స్ట్రక్షన్ క్యాష్‌లో (ఆదేశాల కాపీలు దాచుకునే చిన్న మెమరీలో) ఉన్నది, అక్కడ పాత 42 మిగిలిపోయింది. ఇంటెల్ చిప్పుల్లో ఆ రెండింటినీ హార్డ్‌వేరే సరిచూసుకుంటుంది, పై 3లో ఉండే ఆర్మ్ ఆ పని మీకు వదిలేస్తుంది. క్యూఎము ఎమ్యులేటర్ క్యాష్‌లను అనుకరించదు, అక్కడ వెతికి లాభం లేదు.

బ్రేక్‌పాయింట్ పెట్టగానే తప్పు మాయమైందని కొందరు సంబరపడ్డారు. జీడీబీ అక్కడ బ్రేక్ ఆదేశం రాసినప్పుడు కెర్నలే క్యాష్‌ను శుభ్రం చేస్తుంది. మీరు రోగిని చూడకముందే మందు పడింది.

క్యాష్ శుభ్రం చేసే కంపైలర్ ఫంక్షనే ఆ మందు, దాని పేరు పొడవు: రెండు అండర్‌స్కోర్లు, బిల్టిన్, మూడు అండర్‌స్కోర్లు, క్లియర్, ఒక అండర్‌స్కోర్, క్యాష్. నాకు చిరాకు తెప్పించేది దీని రెండో ఆర్గ్యుమెంటు. అది పొడవు కాదు, ముగింపు చిరునామా. రెండు ఆదేశాలు, ఒక్కోటి 4 బైట్లు కదా అని 8 ఇచ్చినవాళ్లున్నారు. కంపైలర్ గొణిగితే కాస్ట్ పెట్టి దాని నోరు మూయించారు. ముగింపు మొదలుకంటే చిన్నదైతే లూపు ఒక్కసారీ తిరగదు, తప్పూ చూపదు. మొదలుకు 8 బైట్లు కలిపి ఇవ్వండి. నేనైతే చిరునామా, పొడవు తీసుకునే చిన్న ఫంక్షన్‌లో దీన్ని దాచేసి మళ్లీ ముట్టుకోను.

కార్టెక్స్-ఎం4 మైక్రోకంట్రోలర్ వాడేవాళ్లకు కోర్‌లో క్యాషే లేదు. మీ ఇబ్బంది వేరు: హార్డ్‌వేర్ బ్రేక్‌పాయింట్లు ఆరే, అవీ హెక్స్ 20000000 నుంచి మొదలయ్యే ర్యామ్‌లో పనిచేయవు.

అభ్యాసం: ఒకే బఫర్‌లో 1 నుంచి 1000 వరకు ఒక్కొక్క సంఖ్య ఇచ్చే ఫంక్షన్ రాసి నడపండి. ప్రతి ఏడోసారి క్యాష్ శుభ్రం చేయకండి. బ్రేక్‌పాయింట్ వద్దు, లూపు లోపల ప్రింట్ అసలే వద్దు. తేడా వచ్చినవి అరేలో దాచి, చివర ఒక్కసారే చూడండి. అన్నీ ఏడు గుణిజాలేనా?